కాంతి వేగాన్ని ఎందుకు దాటలేం? "ద్రవ్యరాశి పెరుగుతుంది" అన్న జవాబు సరిపోతుందా?

తోకచుక్క

పాఠ్యపుస్తకాల్లోనూ వీడియోల్లోనూ ఒకటే మాట వినిపిస్తుంది: వేగం పెరిగేకొద్దీ ద్రవ్యరాశి పెరుగుతుంది, కాంతి వేగం దగ్గర అది అనంతమైపోతుంది, అందుకే దాటలేం. దీని మీద నాకు మూడు సందేహాలు.

ఒకటి: రాకెట్‌లో కూర్చున్నవాళ్ళకి తమ రాకెట్ నిలకడగానే ఉంది కదా. మరి ఎవరి ద్రవ్యరాశి పెరిగినట్టు?

రెండు: ద్రవ్యరాశే లేని కాంతికి ఈ అడ్డు ఉండకూడదు. అది ఇంకా వేగంగా ఎందుకు పోదు?

మూడు: ఇంజన్‌తో తోయడం మానేసి పక్కదారి పడితే? నీడ, లేజర్ చుక్క, పొడవాటి కడ్డీ, క్వాంటం ఎంటాంగిల్‌మెంట్ (దూరంగా ఉన్న రెండు కణాల కొలతలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండడం), ఇలాంటివి.

ఉపమానాలు వద్దు, లెక్కలతో చెప్పండి. కాంతి వేగాన్ని "సి" అని రాసుకుందాం, సెకనుకి 29,97,92,458 మీటర్లు.

గామా_29

కారణం తర్వాత చూద్దాం. దాటలేకపోవడం అనేది ముందు కొలతలో కనిపించాలి కదా.

1964లో ఎంఐటీలో విలియం బెర్టోజీ చేసిన ప్రయోగం దీనికి అన్నిటికన్నా సూటైన రుజువు. ఎలక్ట్రాన్లకి తెలిసినంత శక్తి ఇచ్చి, 8.4 మీటర్ల దూరం దాటడానికి ఎంత సమయం పట్టిందో ఆసిలోస్కోప్ మీద కొలిచారు. ఫలితాలు సుమారుగా ఇవీ (ఎంఈవీ అంటే పది లక్షల ఎలక్ట్రాన్‌వోల్టులు, శక్తికి కొలమానం):

0.5 ఎంఈవీ: న్యూటన్ లెక్క 1.4 సి, కొలత 0.87 సి
1.5 ఎంఈవీ: న్యూటన్ లెక్క 2.4 సి, కొలత 0.96 సి
4.5 ఎంఈవీ: న్యూటన్ లెక్క 4.2 సి, కొలత 0.99 సి
15 ఎంఈవీ: న్యూటన్ లెక్క 7.7 సి, కొలత పొరపాటు పరిధిలో 1 సి

"యంత్రం ఇచ్చానంటున్న శక్తి ఎలక్ట్రాన్లకి నిజంగా అందిందా" అన్న అనుమానం సహజం. అందుకే చివర ఒక అల్యూమినియం బిళ్ల పెట్టి, ఎలక్ట్రాన్లు గుద్దినప్పుడు అది ఎంత వేడెక్కిందో థర్మోకపుల్‌తో కొలిచారు. ఇచ్చిన శక్తి అంతా వేడిగా తేలింది. అంటే శక్తి ఎక్కుతూనే ఉంది, వేగమే ఎక్కడం లేదు.

ఇదే సంగతి జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనా కేంద్రంలో, ప్రోటాన్లని పరిగెత్తించే వలయాకార యంత్రం ఎల్‌హెచ్‌సీ నడిపేవాళ్ళకి, అందులో ప్రోటాన్లు నింపిన ప్రతిసారీ ఎదురవుతుంది. ప్రోటాన్లు 450 జీఈవీ (1 జీఈవీ వెయ్యి ఎంఈవీలు) దగ్గర లోపలికి వస్తాయి, 6.8 టీఈవీ (1 టీఈవీ వెయ్యి జీఈవీలు) దాకా ఎక్కుతాయి. శక్తి 15 రెట్లు. వేగమో, సి కన్నా సెకనుకి సుమారు 650 మీటర్లు తక్కువ నుంచి సుమారు 3 మీటర్లు తక్కువకి వస్తుంది, అంతే. కట్టడి చేసే అయస్కాంత క్షేత్రాన్ని 0.54 టెస్లా నుంచి 8 టెస్లా దాటించాల్సి వస్తుంది, ఎందుకంటే ద్రవ్యవేగం 15 రెట్లు అయింది. కానీ తోసే రేడియో తరంగాల (ఆర్‌ఎఫ్) పౌనఃపున్యం 400 మెగాహెర్ట్జ్‌లో 1 కిలోహెర్ట్జ్ కూడా మార్చక్కర్లేదు, ఎందుకంటే చుట్టు తిరిగే సమయం దాదాపు మారలేదు. ఒకే కంట్రోల్ రూమ్‌లో ఒక మీట అంత తిరుగుతోంది, ఇంకో మీట కదలడం లేదు. సాపేక్షత తప్పయితే బీమ్ కొన్ని చుట్లలోనే గోడకి కొట్టుకుంటుంది.

స్థలకాలం

తోకచుక్క గారి మొదటి సందేహం సరైన చోటే గుచ్చింది. "ద్రవ్యరాశి పెరుగుతుంది" అన్న వివరణని నేనైతే పాఠాల్లోంచి తీసేస్తాను. రెండు కారణాలు.

గామా అంటే వేగంతో పాటు 1 నుంచి పెరుగుతూ పోయే సాపేక్షత గుణకం. కదిలే దిశలోనే తోస్తే త్వరణం గామా ఘనం మేరకు తగ్గుతుంది. అడ్డంగా తోస్తే గామా మేరకే తగ్గుతుంది. ద్రవ్యరాశి నిజంగా పెరిగిందంటే ఏ వైపు తోసినా ఒకేలా బరువెక్కాలి కదా. కాబట్టి ఇది వస్తువులో వచ్చిన మార్పు కాదు, స్థలకాలం లెక్కల్లోంచి వచ్చేది.

రెండోది ఇంకా ముఖ్యం. రాకెట్ ఎప్పుడూ 1 జీ (భూమి గురుత్వ త్వరణం అంత) త్వరణంతో పోతోందనుకోండి. లోపలున్నవాళ్ళు నేల మీద నిలబడ్డట్టే ఉంటారు. ఐదేళ్ళయినా ఇంజన్ మొరాయించదు, ఏదీ బరువెక్కదు. భూమి నుంచి కొలిస్తే మాత్రం, రాకెట్ గడియారంలో 1 ఏడాదికి 0.77 సి, 2 ఏళ్ళకి 0.97 సి, 5 ఏళ్ళకి 0.99993 సి. లోపల ఏ అడ్డూ తగల్లేదు, బయట సి దాటలేదు. ఈ రెండూ ఒకేసారి నిజం కావడానికి కారణం వేగాలు మామూలుగా కూడకపోవడమే. సి ని 1 గా తీసుకుంటే, రెండు వేగాల మొత్తాన్ని (1 + వాటి లబ్ధం)తో భాగించాలి. 0.6కి 0.6 కలిపితే 1.2 రాదు, 1.2 ÷ 1.36 = 0.88 వస్తుంది. 0.9కి 0.9 కలిపితే 0.9945. 1కి ఏది కలిపినా 1.

నిజంగా మామూలుగా కూడేది రాపిడిటీ అనే రాశి. అది ఎంతైనా పెరగొచ్చు, దానికి హద్దు లేదు. వేగం దాని హైపర్‌బాలిక్ టాన్‌జెంట్ కాబట్టి 1 దగ్గర చదునైపోతుంది. హద్దు ఇంజన్‌లో లేదు, మనం వేగం అని పిలిచే భిన్నంలో ఉంది.

గామా_29

ఒప్పుకుంటాను. అయితే బయటనుంచి తోసేవాడి జేబుకి చిల్లు పడే మాటా నిజమే. 1 కిలో వస్తువుకి, 2,600 మెగావాట్ల రామగుండం ఎన్‌టీపీసీ కేంద్రం రాత్రీపగలూ పూర్తి సామర్థ్యంతో నడిచి, ఒక్క యూనిట్ కూడా వృథా కాకుండా అందిస్తే:

0.9 సి కి 1.4 ఏళ్ళు
0.99 సి కి 6.7 ఏళ్ళు
0.999 సి కి 23 ఏళ్ళు
0.9999 సి కి 76 ఏళ్ళు

ముందుకు పోయేకొద్దీ, ఒక్కో 9 తగిలించడానికి ఖర్చు 3.2 రెట్ల దగ్గర స్థిరపడుతుంది. 1 కిలోకే ఇది.

తోకచుక్క

ఇప్పుడు రెండో సందేహం ఇంకా గట్టిపడింది. కాంతికి ద్రవ్యరాశి లేదు, తోయడానికి ఖర్చూ లేదు. దానికి ఈ సంఖ్యే ఎందుకు?

స్థలకాలం

మొత్తం శక్తికీ ద్రవ్యవేగానికీ వేగంతో ఒక సంబంధం ఉంది: వేగం = ద్రవ్యవేగం × సి వర్గం ÷ మొత్తం శక్తి. ద్రవ్యరాశి ఉంటే మొత్తం శక్తి ఎప్పుడూ (ద్రవ్యవేగం × సి) కన్నా ఎక్కువే ఉంటుంది, కాబట్టి వేగం సి కన్నా తక్కువే. ద్రవ్యరాశి సున్నా అయితే రెండూ సమానం, వేగం కచ్చితంగా సి. నెమ్మదించడానికీ వీల్లేదు, పరుగు పెంచడానికీ వీల్లేదు. శక్తి ఎక్కువిస్తే ఫోటాన్ (కాంతి కణం) నీలంగా మారుతుంది తప్ప త్వరగా రాదు.

సి ని కాంతి సొత్తు అనుకోవడం దగ్గరే గందరగోళం మొదలవుతుంది. 1910లో ఇగ్నటోవ్‌స్కీ కాంతి ప్రస్తావనే లేకుండా లెక్క వేశాడు. స్థలం అంతటా ఒకేలా ఉంది, ఏ దిశకీ ప్రత్యేకత లేదు, సమవేగంతో కదిలే పరిశీలకులందరికీ నియమాలు ఒకటే. ఈ మూడూ ఒప్పుకుంటే, అందరికీ ఒకేలా కనిపించే వేగం ఒకటి ఉండి తీరాలి. అది అనంతమైతే న్యూటన్ ప్రపంచం, పరిమితమైతే ఐన్‌స్టీన్ ప్రపంచం. మనది ఏదో ప్రయోగమే చెప్పాలి, పరిమితమనే చెప్పింది. కాంతి ఆ వేగంతో పోయే వాటిలో ఒకటి, గురుత్వ తరంగాలు ఇంకొకటి. రేపు ఫోటాన్‌కి రవ్వంత ద్రవ్యరాశి ఉందని తేలినా సి అలాగే ఉంటుంది, కాంతే దానికన్నా కాస్త వెనకబడుతుంది.

గామా_29

"అందరికీ ఒకేలా" అన్నదానికి కొలత ఉంది. 1964లోనే సెర్న్‌లో ఆల్వేగర్ బృందం 0.99975 సి తో దూసుకొస్తున్న పయాన్లు (క్షణంలో విచ్ఛిన్నమయ్యే కణాలు) విడిచిన గామా కిరణాల వేగం కొలిచింది. మామూలు కూడిక ప్రకారం ముందుకు వచ్చేవి దాదాపు 2 సి తో రావాలి. వచ్చింది సి, పదివేలలో ఒకటి రెండు వంతుల కచ్చితత్వంతో.

వేవ్‌గైడ్

మూడో సందేహంలో నా వంతు. ఈసీఈ ల్యాబ్‌లో ఎక్స్-బ్యాండ్ (మైక్రోవేవ్) బెంచ్ ఉన్నవాళ్ళంతా సి దాటే వేగాన్ని కొలవచ్చు.

వేవ్‌గైడ్ అంటే మైక్రోవేవ్‌లని నడిపించే లోహపు గొట్టం. డబ్ల్యూఆర్-90 రకం లోపలి వెడల్పు 22.86 మిల్లీమీటర్లు, కటాఫ్ (అంతకన్నా తక్కువ పౌనఃపున్యం లోపల పోదు) 6.557 గిగాహెర్ట్జ్. 10 గిగాహెర్ట్జ్ పెట్టి, చివర లోహపు బిళ్లతో మూసి (షార్ట్ చేసి), స్లాటెడ్ లైన్ (పొడవునా సన్నని చీలిక ఉన్న గైడ్) మీద ప్రోబ్ జరుపుతూ రెండు పక్కపక్క కనిష్ఠాల మధ్య దూరం చూడండి. సుమారు 19.9 మిల్లీమీటర్లు వస్తుంది. రెట్టింపు చేస్తే గైడ్ తరంగదైర్ఘ్యం 39.7. బయట గాలిలో అది 30. పౌనఃపున్యంతో గుణిస్తే ఫేజ్ వేగం 1.32 సి! రికార్డులో ఈ సంఖ్య రాసి, వైవాలో "మరి ఐన్‌స్టీన్ తప్పా?" అంటే బిక్కమొహం వేయడం అన్ని కాలేజీల్లోనూ మామూలే.

ఫేజ్ అంటే ఎడతెగని సైన్ తరంగంలో శిఖరం జరిగే వేగం. ఆ శిఖరంలో కొత్త కబురేమీ లేదు, ముందు శిఖరాన్ని చూస్తేనే తర్వాతది ఎప్పుడొస్తుందో తెలిసిపోతుంది. కబురు పంపాలంటే తరంగాన్ని ఆపి, మొదలుపెట్టి మార్చాలి. ఆ మార్పు పోయేది గ్రూప్ వేగంతో (తరంగాల గుంపు మొత్తంగా జరిగే వేగం), ఇక్కడ 0.755 సి. రెండింటి లబ్ధం సరిగ్గా సి వర్గం.

బెంచ్ మీద జాగ్రత్తలు: ప్రోబ్ మరీ లోతుగా దింపితే అదే క్షేత్రాన్ని చెదరగొట్టి కనిష్ఠాన్ని జరుపుతుంది. డిటెక్టర్ రీడింగ్ కనిపించేంత మేరకే దించండి. కనిష్ఠం అడుగున సూది సరిగా కదలదు కాబట్టి రెండు పక్కలా సమాన రీడింగ్ వచ్చే చోట్లు తీసుకుని సగం చేయండి.

గ్రూప్ వేగం కూడా సి దాటొచ్చు, అది ఇంకో మెలిక. 2000లో ప్రిన్స్‌టన్‌లోని ఎన్ఈసీ పరిశోధకులు సీజియం ఆవిరిలో గ్రూప్ ఇండెక్స్ (సి ని గ్రూప్ వేగంతో భాగిస్తే వచ్చేది) మైనస్ 310 దాకా తెచ్చారు. పల్స్ శిఖరం లోపలికి పోకముందే అవతల శిఖరం బయటికొచ్చింది. కానీ ఆ శిఖరం, ముందే ప్రవేశించిన పల్స్ ముందు భాగాన్ని వాయువు మలచి తయారుచేసినదే. నిజంగా "ఇప్పుడే మొదలైంది" అని చెప్పే అంచు ఉంటుంది చూశారూ, దాన్ని ఫ్రంట్ అంటారు, అది ఏ పదార్థంలోనూ సి దాటదని సోమర్‌ఫెల్డ్, బ్రిల్వాన్ ఎప్పుడో తేల్చారు.

అరుంధతి_నక్షత్రం

ఆకాశం వైపు జాబితా నాది. త్వరగా చెప్పేస్తాను.

లేజర్ చుక్క: చంద్రుడు సగటున 3,84,400 కిలోమీటర్లు. లేజర్‌ని సెకనుకి 45 డిగ్రీలు తిప్పితే చాలు, చంద్రుడి మీద చుక్క సి దాటుతుంది. మణికట్టుతో చేసే పని. కానీ ఆ చుక్కలో ఒకచోటి ఫోటాన్ వేరు, పక్కచోటి ఫోటాన్ వేరు. ప్రతిదీ భూమి నుంచి 1.28 సెకన్లు ప్రయాణించి విడిగా వచ్చింది. చంద్రుడి ఎడమ అంచున ఉన్నవాళ్ళు కుడి అంచున ఉన్నవాళ్ళకి దానితో ఏమీ చెప్పలేరు. నీడ సంగతీ ఇంతే.

కడ్డీ: చంద్రుడిదాకా ఉక్కు కడ్డీ పెట్టి ఇక్కడ తోస్తే, ఆ తోపు ఉక్కులో ధ్వని వేగంతో, సెకనుకి సుమారు 5 కిలోమీటర్లతో పోతుంది. అవతలి కొన కదలడానికి 21 గంటలు. కాంతి సెకనున్నరలోపే చేరుతుంది.

జెట్లు (గెలాక్సీ కేంద్రం నుంచి చిమ్మే ధారలు): ఎమ్87 గెలాక్సీ జెట్‌లో ముడులు 6 సి తో కదులుతున్నట్టు హబుల్ చిత్రాల్లో కనిపిస్తాయి. 0.99 సి తో, మన చూపుకి 10 డిగ్రీల కోణంలో వచ్చే ముద్ద తను విడిచిన కాంతి వెనకే దాదాపు అంటుకుని వస్తుంది. అందుకే ఏళ్ళ ప్రయాణం మనకి నెలల్లో జరిగినట్టు కనిపిస్తుంది. ఆ లెక్కకి 6.9 సి వస్తుంది.

విశ్వ విస్తరణ: సుమారు 1,400 కోట్ల కాంతి సంవత్సరాల అవతలి గెలాక్సీలు సి కన్నా వేగంగా దూరమవుతున్నాయి. అవి స్థలంలో పరిగెత్తడం లేదు, మధ్యలో స్థలమే పెరుగుతోంది. పక్కపక్కన దాటుకునే రెండు వస్తువులకే వేగపరిమితి వర్తిస్తుంది.

నిశాచరుడు

2011లో న్యూట్రినోలు (దేన్నైనా దాదాపు తగలకుండా దూసుకుపోయే అతి తేలిక కణాలు) సి దాటాయని పేపర్లన్నీ రాశాయి కదా. దాన్ని తొక్కేశారని కొందరంటారు.

గామా_29

తొక్కేయలేదు, ఆ బృందమే తప్పు వెతికి పట్టుకుంది. ఈ కథలో సిద్ధాంతం కన్నా వైరింగ్ ఆసక్తికరం.

సెర్న్ నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో దాకా దాదాపు 730 కిలోమీటర్లు, ప్రయాణం 2.4 మిల్లీసెకన్లు. ఓపెరా ప్రయోగంలో న్యూట్రినోలు 60 నానోసెకన్లు ముందొచ్చినట్టు తేలింది. దూరాన్ని 20 సెంటీమీటర్ల కచ్చితత్వంతో కొలిచారు, అంటే దూరంలో పొరపాటు 1 నానోసెకను లోపే. దోషం గడియారం వైపు ఉండాలి.

జీపీఎస్ రిసీవర్ పైన, డిటెక్టర్ కొండ లోపల. టైమ్ సిగ్నల్‌ని 8 కిలోమీటర్లకి పైగా ఆప్టికల్ ఫైబర్‌లో కిందికి పంపుతారు. ఆ ఫైబర్ కనెక్టర్ పూర్తిగా బిగుసుకోలేదు. వదులైతే సిగ్నల్ ఆగిపోదు, కాంతి తగ్గుతుంది, అంతే. రిసీవర్‌లో ఫోటోడయోడ్ నెమ్మదిగా నిండి, ట్రిగ్గర్ హద్దుకి ఆలస్యంగా చేరింది. దాదాపు 73 నానోసెకన్ల జాప్యం. కింద గడియారం వెనకబడితే వచ్చినవాళ్ళంతా ముందొచ్చినట్టే లెక్క. ఇంకో ఆసిలేటర్ లోపం 15 నానోసెకన్ల మేర ఎదురు దిశలో పనిచేసింది. 73లోంచి 15 తీస్తే 58! 2012లో సరిచేశాక తేడా పొరపాటు పరిధిలో సున్నా అయింది. అదే కొండలోని ఐకారస్, బోరెక్సినో, ఎల్‌వీడీ డిటెక్టర్లూ అదే చెప్పాయి.

వైరు దొరక్కముందే అనుమానం రావడానికి 1987ఏ సూపర్‌నోవా కారణం. దూరం 1,68,000 కాంతి సంవత్సరాలు. ఓపెరా చెప్పిన నిష్పత్తి నిజమైతే న్యూట్రినోలు కాంతికన్నా 4 ఏళ్ళు ముందే రావాలి. వచ్చింది సుమారు 3 గంటల ముందు, అదీ నక్షత్రం కేంద్రంలోంచి అవి నేరుగా బయటపడ్డాయి కాబట్టి. కాంతి, షాక్ తరంగం ఉపరితలం చేరేదాకా ఆగాల్సి వచ్చింది.

తోకచుక్క

ప్రయోగాలకి ఎదురులేదు. కానీ ఒక మాట. ఏదైనా సి దాటితే కొంపేం మునుగుతుంది? త్వరగా చేరుతుంది, అంతేగా. "కారణకార్యాలు తలకిందులవుతాయి" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు, లెక్క చూపించరు.

స్థలకాలం

చూపిస్తాను, కాగితం తీసుకోండి. కాలం నిమిషాల్లో, దూరం కాంతి-నిమిషాల్లో.

ఒక నౌక భూమి పక్కనుంచి 0.6 సి తో వెళ్ళిపోయింది. పక్కన దాటిన క్షణంలో రెండు గడియారాలూ 0. గామా 1.25. ఇద్దరి దగ్గరా 4 సి తో పోయే సిగ్నల్ యంత్రాలున్నాయి. వేగం పంపేవాళ్ళని బట్టి 4 సి.

మొదటి అంచె. భూమి తన గడియారంలో 10కి పంపింది. అందుకునే కాలం: 4 × (కాలం − 10) = 0.6 × కాలం. భూమి లెక్కలో 11.76. నౌక గడియారం 1.25 వంతున నెమ్మది, అక్కడ 9.41.

రెండో అంచె. నౌక వెంటనే జవాబిచ్చింది. నౌక దృష్టిలో తాను కదలడం లేదు, భూమే 0.6 సి తో వెనక్కి పోతోంది. అదే సమీకరణంలో 10 బదులు 9.41 పెట్టండి. నౌక లెక్కలో 11.07కి భూమిని చేరుతుంది. నౌక దృష్టిలో భూమి గడియారమే నెమ్మది, కాబట్టి 11.07ని 1.25తో భాగించాలి: 8.86.

ప్రశ్న పంపింది 10కి, జవాబొచ్చింది 8.86కి. సుమారు 68 సెకన్ల ముందు. జవాబులో "పంపకండి" అని ఉండి, భూమి ఆ మాట వింటే?

చాలామంది రెండో అంచెను కూడా భూమి గడియారంతోనే లెక్కేసి "ఏ చిక్కూ లేదు" అంటారు. అలా చేస్తే నౌకలోని యంత్రం నౌకకి 4 సి కాకుండా భూమికి 4 సి అవుతుంది, అంటే భూమికి ప్రత్యేక హోదా ఇచ్చినట్టు. సాపేక్షత ఒప్పుకోనిది అదే.

నిశాచరుడు

4 సి పెద్ద సంఖ్య. 1.1 సి అయితే?

స్థలకాలం

అప్పుడు నౌక ఇంకా వేగంగా పోవాలి, అంతే. సిగ్నల్ వేగాన్ని రెట్టింపు చేసి, (1 + దాని వర్గం)తో భాగించండి. నౌక అంతకన్నా వేగంగా పోతే జవాబు ముందే వస్తుంది. 3 సి కి హద్దు సరిగ్గా 0.6, ప్రశ్న పంపిన క్షణంలోనే జవాబు. 1.5 సి కి 0.923. 1.1 సి కి 0.9955. సి కన్నా ఏ మాత్రం ఎక్కువున్నా, సి కన్నా తక్కువ వేగంలోనే ఇలాంటి నౌక ఒకటి దొరుకుతుంది. సిగ్నల్ వేగం సరిగ్గా సి అయితే హద్దు కూడా సి అవుతుంది, ఏ నౌకా దాన్ని దాటలేదు.

తోకచుక్క

ఎంటాంగిల్‌మెంట్ మిగిలింది.

వేవ్‌గైడ్

2022 నోబెల్ దానికే, ఆస్పే, క్లౌజర్, జైలింగర్‌లకి. సహసంబంధం దూరంతో నిమిత్తం లేకుండా కనిపిస్తుంది, నిజమే. కానీ ఇక్కడ వచ్చే ఫలితాన్ని మనం ఎంచుకోలేం. అవతలివాళ్ళు ఏ కొలత చేసినా చేయకపోయినా ఇక్కడి గణాంకాలు 50-50గానే ఉంటాయి. రెండు పట్టికలూ పక్కపక్కన పెడితేనే సంబంధం బయటపడుతుంది, ఆ పట్టిక తేవడానికి మళ్ళీ మామూలు ఫోనే దిక్కు.

నిశాచరుడు

రియాక్టర్ నీళ్ళలో నీలి వెలుగు, కాంతిని ఎలక్ట్రాన్లు దాటడం వల్లే అంటారు?

గామా_29

నీళ్ళలో కాంతిని దాటుతాయి, సి ని కాదు. వక్రీభవన గుణకం 1.33, కాబట్టి నీళ్ళలో కాంతి 0.75 సి. 0.26 ఎంఈవీ గతిజశక్తి ఉన్న ఎలక్ట్రాన్ ఆ వేగాన్ని దాటేస్తుంది. అదే చెరెంకోవ్ కాంతి. గాలిలోనూ జరుగుతుంది. లద్దాఖ్‌లోని హాన్లేలో సుమారు 4,300 మీటర్ల ఎత్తున ఉన్న మేస్ అనే గామా కిరణాల టెలిస్కోప్ పనిచేసేది దాంతోనే. 21 మీటర్ల ఆ అద్దాన్ని బార్క్ (భాభా అణు పరిశోధనా కేంద్రం) కోసం కట్టడంలో హైదరాబాద్ ఈసీఐఎల్ చేయి ఉంది.

తోకచుక్క

ఆఖరి ప్రశ్న. స్థలకాలం గారు చెప్పిన చిక్కంతా "ఎవరికీ ప్రత్యేక హోదా లేదు" అన్నదాని మీద నిలబడింది. ఆ హోదా నిజంగా ఒక ఫ్రేమ్‌కి (ఒక పరిశీలకుడి కొలతల చట్రానికి) ఉంటే?

స్థలకాలం

ఉంటే వలయం తెగిపోతుంది. అన్ని అతివేగ సిగ్నళ్ళూ ఒకే ఫ్రేమ్ గడియారం ప్రకారం ముందుకే పోతాయి కాబట్టి జవాబు ముందు రాదు. తర్కంలో అది తెరిచున్న తలుపే. కానీ అలాంటి ఫ్రేమ్ ఉంటే దాని జాడ ఎక్కడో ఒకచోట కనబడాలి, వెతికిన చోటల్లా లేదు. 2017 ఆగస్టు 17న వచ్చిన గురుత్వ తరంగాలూ గామా కిరణాలూ దాదాపు 13 కోట్ల ఏళ్ళు ప్రయాణించి 1.7 సెకన్ల తేడాతో చేరాయి. వేగాల్లో తేడా ఏదైనా ఉంటే అది 10కి మైనస్ 15వ ఘాతం స్థాయిలోనే ఉండాలి. ప్రత్యేక ఫ్రేమ్ ప్రతిపాదించేవాళ్ళు ముందు ఈ సంఖ్యతో పొసగేలా లెక్క చూపించాలి.